పేరు పడే చరణం

ఆనందానికి ఆ పాట మీద విసుగు పుట్టి చాలా రోజులైంది. పైకి మాత్రం అనలేదు. అనడానికి అది ఆయన సొత్తయితే కదా! సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ధూంధాం అని పాటల సభ పెట్టినా, ఎన్ని పాటలు పాడినా, జనం చివరికి ఆ ఒక్కదానికే వచ్చేవాళ్లు. "లేవరా పాట! లేవరా పాట!" అని వెనక నుంచి కేకలు మొదలయ్యేవి. ఆనందం మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, పాటలోని కొడుకును ఇంకోసారి నిద్ర లేపడానికి తయారయ్యేవాడు.

అది సిరిసిల్ల పాట. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మా నాయినమ్మే కట్టిందని చెప్పుకునే మనిషి మాత్రం ప్రతి వాడకట్టులోనూ ఒకడుంటాడు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పొద్దెక్కినా లేవని కొడుకును సాంచ మీదికి తోలడానికి ఒక తల్లి తిడుతూ పాడుతుంది. "తెల్లారె లేవరా నా తండ్రి లేవరా, సాంచ పిలువబట్టె లేవరా" అని మొదలుపెట్టి, వాడి తిండినీ, మొద్దు నిద్రనూ, వాడికి పిల్లనివ్వబోయే మామ ఖర్మనూ వరసగా దులిపేస్తుంది. నవ్వడానికి పుట్టిన పాట. అది ఎక్కని గుమ్మం లేదు. పెళ్లిళ్లలో బ్యాండువాళ్లు పెళ్లికొడుకును లేపారు. మండపాల్లో గణపతిని లేపారు. బీర్పూర్ దగ్గర ఆనందం వాళ్ల ఊరి చర్చిలో ఈస్టరు పొద్దున విశ్వాసుల ఆత్మలను లేపారు, ఆ మాటలు కట్టింది ఆనందం తండ్రే. ఎలక్షన్లలో అన్ని పార్టీల వాళ్లూ ఓటర్లను లేపారు. దుబాయి పోయినవాళ్ల ఫోన్లలో అలారం కూడా అదే అయింది. ఎవడి చేతికి దొరికితే వాడు నాలుగు మాటలు మార్చుకుని మాదే అన్నాడు. పాట కూడా ఎవరినీ కాదనలేదు.

ఉద్యమం వచ్చాక అది ఏడుపు పాటయింది. ఇప్పుడు తల్లి లేపుతున్నది తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న కొడుకును. వాడు లేవడు. విచిత్రమేమిటంటే మాటలు పెద్దగా మారలేదు. సాంచ పిలువబట్టె అన్న చోట ఒకప్పుడు పొట్టలు పట్టుకుని నవ్విన జనమే ఇప్పుడు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. డప్పు కాస్త నెమ్మదించింది, చివర ఒక చరణం చేరింది. ఆ చరణంలో 'నా తండ్రి' అన్న మాట తీసేసి, ఆ చుట్టుపక్కల చనిపోయిన పిల్లవాడిని పేరు పెట్టి పిలవాలి. పేరు పడగానే జనమంతా లేచి నిలబడి జోహార్లంటారు. జట్టును నడిపే రాజన్న బడిపంతులు, ఆయన కూడా సమ్మెలోనే ఉన్నాడు. ఊళ్ళో దిగగానే ఇక్కడ ఎవరు పోయారని విచారించి, ఆ పేరు ఆనందం చెవిలో వేయడం ఆయన మొదటి పని.

ఆనందం చేసేది సుతారి పని, గోడలు కట్టడం, ప్లాస్టరింగు చేయడం. సమ్మెతో పనులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బస్సులు లేవు కాబట్టి రాజన్న మాట్లాడిన ట్రాలీ ఆటోలో డప్పుల మధ్య కూర్చుని ఊరూరా తిరిగేవాడు. యాభై దాటిన నడుముకు ఆ ఆటో పడేది కాదు. సిరిసిల్లలో పాడిన రోజు అసలే పడలేదు. అక్కడ పేర్లు ఎక్కువయ్యాయి. ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర రెండు వాడలవాళ్లు మాటా మాటా అనుకున్నారు. ఇద్దరినీ పాడి దిగితే, మా పిలగాణ్ణి మరిచారని మూడో వాడవాళ్లు వచ్చి నిలదీశారు. మళ్ళీ ఎక్కి పాడాడు. మళ్ళీ ఏడ్చారు.

తిరుగుదారిలో ఆనందం నోరు విప్పాడు.

"రాజన్నా, రేపటి సంది గా పాట నాతోని కాదే. ఐలయ్యను పాడుమను." ఐలయ్య జట్టులో డప్పు కొట్టేవాడు.

"ఏమైందే?"

"ఏం గాలే. ఇసుగొచ్చింది. ముందట ఆడోళ్లు గుండెలు వల్గంగ ఏడుస్తుంటే, నేను పాడుకుంట పాడుకుంట ఇంటికాడ గ్యాస్ ఉన్నదో అయిపోయిందో అని సోంచాయిస్తున్న. నాకు కంట్లె సుక్క వస్తలేదు. గిదేం పాడుడు?"

"నీకు రాకుంటే ఏమాయె, జనానికొస్తున్నయి గద! గా పాట పాడెటోళ్లు జిల్లల శానమంది ఉన్నరు గని, ఏడిపిచ్చెటోనివి నువ్వొక్కనివే" అన్నాడు రాజన్న. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆనందానికి మాత్రం ఆ మాట చేదనిపించింది.

మర్నాడు కోరుట్ల. బస్సులు డిపో దాటడం లేదు కాబట్టి సభ బస్టాండులోనే పెట్టారు. ప్లాట్‌ఫారాల మీద జనం మధ్యాహ్నం నుంచే కూర్చున్నారు. స్టేజీ వెనక ఆనందం పేపరు ప్లేటులో ఉప్మా తింటుంటే ఒకామె నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. నలభై పైబడి ఉంటాయి. బీడీలు చుట్టీ చుట్టీ చూపుడువేలు కొన నల్లబడి ఉంది.

"పేరు వెట్టి పాడే ఆనందం నువ్వేనా అన్నా?"

"ఔ చెల్లె. ఏంది?"

"నా పేరు బుచ్చవ్వ. నా కొడుకు పేరు గూడ పాడాలె. గణేశ్."

ఆనందం ప్లేటు కింద పెట్టాడు. ఇలాంటి తల్లులు ఆయనకు కొత్త కాదు. వాళ్లతో ఏ గొంతుతో మాట్లాడాలో ఆ గొంతు దానంతట అదే వచ్చేసింది. "ఎప్పుడు పోయిండు చెల్లె?"

"పోలేదు. జగిత్యాల దవాఖానల ఉన్నడు. మొన్న తెలంగాణ రాదని రాసిపెట్టి పురుగుల మందు తాగిండు. కండ్లు తెరుస్తలేడు. ఇయ్యాల్ల గడిస్తే సూద్దామంటున్నడు డాక్టరు."

"బతికున్నోని పేరు గా పాటల పెట్టుడేంది? నీకు మతిగిన పోయిందా?"

బుచ్చవ్వ అక్కడే నేల మీద కూలబడి చెప్పుకొచ్చింది. మందు తాగడానికి కొన్నాళ్ల ముందు గణేశ్ తల మీద కాకి తన్నింది. కాకి తన్నితే చావు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టని అక్కడి లెక్క. దానికి విరుగుడూ ఉంది. ఆ మనిషి పోయాడని దూరపు చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఏడుపు జరిగిపోతే చావు తనకు రావాల్సింది ముట్టిందనుకుని వెళ్లిపోతుంది. నిజం తెలిశాక చుట్టాలు తిడతారు, ఆ తిట్లు మాత్రం పడాలి.

"నేను నవ్విన అన్నా. పొయ్యి తానం జెయ్యిరా అన్న. సిరిసిల్లల మా తమ్మునికి ఒక్క ఫోను గొడ్తే అయిపోవు. బీడీల కార్ఖానకు యాళ్లయితందని పోయిన. వాళ్ల నాయన మస్కట్ల ఉండె, నేనేమో గిట్ల పోతి."

"గిప్పుడు కొట్టు ఫోను."

"ఇప్పుడెవలు నమ్ముతరు? సుట్టాలందరు దవాఖాన కాడ్నే ఉన్నరు. తెల్వనోళ్లు ఏడ్వాలె. నిజమనుకోని ఏడ్వాలె. గంతమందిని నేనేడికెల్లి తేవాలె? నీ పాటకు ఊర్లకు ఊర్లు ఏడుస్తయన్నరు. గందుకే నా కొడుకును ఆడ ఇడిచి ఆటో పట్టుకొని అచ్చిన."

ఆనందానికి కోపం రావాల్సింది. రాలేదు. చర్చికి పోయే వాళ్లమ్మ కూడా ఒకసారి కాకి తన్నిందని ఆనందం పోయినట్టు మేనమామకు కబురు పంపింది. మేనమామ ఏడుస్తూ వచ్చి, ముంగిట్లో గోళీలాడుతున్న మేనల్లుణ్ణి చూసి నాలుగు తగిలించాడు. అయినా అది ఇంటి సంగతి, ఇది సభ.

"ముందటి కుర్సీలల్ల కూసున్నోళ్లు నిజంగ కొడుకును పోగొట్టుకున్నోళ్లు చెల్లె. ఆళ్ల ముంగట అబద్ధం పాడుమంటవా?"

"ఆళ్ల కొడుకు ఇగ రాడు అన్నా. నా కొడుకు ఇంక ఉన్నడు" అంది బుచ్చవ్వ.

ఆనందం కింద పెట్టిన ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పాడతానని చెప్పలేదు, పాడనని కూడా చెప్పలేదు. ఇంతలో రాజన్న వచ్చి, ఆ ఊరివాళ్లు చెప్పిన పేరు చెవిలో వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం పాట మొదలైంది. ఆనందం ఎప్పటిలాగే పాడాడు. అంటే నోరు పాడింది, మనసు ఇంటి పనులు చూసుకుంది. చివరి చరణంలో రాజన్న చెప్పిన పేరు పడింది. జనం లేచారు, జోహార్లన్నారు, ముందు కుర్చీల్లో ఆ పిల్లవాడి తల్లి భర్త భుజం మీద వాలిపోయింది. ఐలయ్య డప్పు ముగింపుకు తెచ్చాడు. ఆనందం చెయ్యెత్తి ఆగమన్నాడు. ఒక్క ఊపిరి తీసుకుని, "గణేశ్ లేవరా" అని ఎత్తుకున్నాడు.

ఎత్తుకున్నాక ఆయనకు తెలిసింది, తను ఇన్నాళ్లూ లేవనివాళ్లనే లేపుతున్నానని. ఇతను లేవవచ్చు. జగిత్యాల దవాఖానలో మంచం మీద ఒళ్లు వెచ్చగానే ఉన్నాడు. లేవరా అన్న మాటకు అర్థం అదే కదా, లేవగలవాడిని లేవమనడం! గొంతు పట్టు తప్పింది. ఎప్పుడూ తప్పని చోట తప్పి, వణికి, ఎలాగో అందుకుంది. బుగ్గల మీద తడి తగిలితే మొదట చెమటనుకున్నాడు. బస్టాండంతా ఘొల్లుమంది. బుచ్చవ్వ మాత్రం ఏడవడం లేదు. ఆడవాళ్ల మధ్యలో నిలబడి ఒక్కొక్క మొహాన్నీ చూస్తోంది, ఏడుస్తున్నారా లేదా అని. ఎవరో ఆమె మొహం చూసి ఓదార్చబోతే చెయ్యి తోసేసింది. పాట అయిపోగానే ఆటో కోసం పరుగెత్తింది.

ట్రాలీ ఎక్కగానే రాజన్న అడిగాడు. "ఎవలే గణేశ్? నేను చెప్పలే గద?"

ఆనందం దాచలేదు. విన్నకొద్దీ రాజన్న మొహం మాడిపోయింది.

"పేపరోళ్లకు తెలిస్తే ఏమైతదో సోంచాయించినవానే? బతికున్నోన్ని సచ్చిండని పాడుతున్నరని రాస్తరు. నిజంగ సచ్చినోళ్లను గూడ అబద్ధమే అంటరు. గంతమంది తల్లుల ఉసురు పోసుకుంటివి."

"ఔ" అన్నాడు ఆనందం. రాజన్న చెప్పింది నిజమే, అందులో కాదనేది ఏమీ లేదు. జట్టు నుంచి తీసేస్తాడేమో, హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చనుకున్నాడు. రాజన్న తీసెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఇంకో ఊరివాళ్లు లేవరా పాట ఆనందమే పాడాలంటున్నారు, పదమన్నాడు. అదే పొద్దున బుచ్చవ్వ ఎవరినో అడిగి నంబరు పట్టుకుని ఫోను చేసింది. కొడుకు కళ్లు తెరిచాడట. మందులు పనిచేశాయని డాక్టరు, ఏడుపు పనిచేసిందని బుచ్చవ్వ. ఆనందం రెండింటికీ ఊఁ కొట్టాడు.

తర్వాతి వారం జగిత్యాలలో సభ. పొద్దుగాలే చేరుకుని, ఆనందం ఒక్కడే దవాఖానకు బయల్దేరాడు. ఎందుకో తనకే సరిగా తెలియదు. తను లేపినవాడు ఒక్కడైనా లేచాడు కదా, కళ్లతో చూసి రావాలనిపించింది. కౌంటరులోని పిల్ల తలెత్తకుండానే అడిగింది. "పేషెంటు పేరేంది?"

ఆనందం నోరు తెరిచాడు. పేరు రాలేదు. వారం నుంచి రోజుకొక పేరు, కొన్ని రోజులు రెండేసి. అవన్నీ కలగలిసి ఒక ముద్దయిపోయాయి. వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతుంటే పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అదృష్టం బాగుండి బుచ్చవ్వే చెంబుతో నీళ్ల కోసం అటు వచ్చింది.

"కొడుకు పేరేందంటివి చెల్లె?" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"గణేశ్ అన్నా" అంది ఆమె. ఆయన అడిగినదానిలో తప్పేమీ వెతకలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, జావ తెస్తానని వెళ్లింది.

గణేశ్ డిగ్రీ చదివే కుర్రాడు. ముక్కులోకి గొట్టం వేసి తీసినట్టున్నారు, మాట బొంగురుగా వస్తోంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఆనందమన్నా! నా పేరు పాడినవు గద! మా దోస్తు ఆడ్నే ఉండి రికార్డు జేసిండు, బ్లూటూతుల ఏసిండు. ఇగో ఇను." ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాడు. "ముందటి పేరు కాడ నీ గొంతు సాఫ్‌గ ఉన్నది. నా పేరు కాడ వణికింది. ఇన్నవా? నాకొక్కనికే వణికింది!"

ఆనందం విన్నాడు. తన గొంతు తనకు ఎవరిదోలా ఉంది.

"బస్టాండు నిండ ఉన్నరట గద? అందరు ఏడ్సిన్రా?"

"ఏడ్సిన్రు."

గణేశ్ చాలాసేపు పైకప్పు వైపు చూసి నవ్వుకున్నాడు. ఆ నవ్వు మెల్లగా వాడిపోయింది. "గంతమంది ఏడ్సినంక గిట్ల బతికొచ్చిన. బయటికి పోతే ఏం మొకం సూపెట్టాలె అన్నా? గీనికోసమా మేం ఏడ్సింది అంటరు. ఇజ్జత్ పాయె. నిజం జేస్తేనే మంచిగుండునేమో అనిపిస్తది."

బుచ్చవ్వ చావును మోసం చేద్దామనుకుంది. చావేమైందో ఏమో, మోసపోయింది మాత్రం ఈ పిల్లవాడు. తన చావు ఎంత బాగా జరిగిందో చెవులారా విన్నాడు, ఇక ఊరుకుంటాడా? రాజన్న ఉంటే ఉపన్యాసం ఇచ్చేవాడు. పాస్టరుంటే ప్రార్థన చేసేవాడు. ఆనందానికి రెండూ చేసే ఓపిక లేదు. ఇన్నాళ్ల అలసటంతా ఒక్కసారిగా భుజాల మీదికి దిగినట్టయింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"నువ్వెప్పుడన్న గా పాటకు ఏడ్సినవా?"

"ఏడ్వకేంది! మెట్‌పల్లిల నువ్వు పాడినప్పుడు ముందటి వరుసల్నే ఉన్న. ఎక్కెక్కి ఏడ్సిన. ఇంటికొచ్చి బువ్వ గూడ తినలే. గప్పుడే అనుకున్న, సస్తే గిట్ల సావాలె అని."

"ఎవలి కోసం ఏడ్సినవు?"

"గా పిలగాని కోసం."

"పేరు?"

గణేశ్ చటుక్కున నోరు తెరిచాడు. పేరు రాలేదు. "గదే అన్నా... ఇంటర్ చదివెటోడు. వాళ్ల అవ్వ స్టేజీ కాడ పడిపోయింది. పేరేందంటే... జర ఆగు." కళ్లు మూసుకున్నాడు. పెదాలు పాటలోని ఆ చరణాన్ని పలుకుతూ కదిలాయి, పేరు పడే చోటికి వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి కదిలాయి, మళ్ళీ అక్కడే ఆగాయి. "నువ్వు చెప్పు. పాడింది నువ్వే గద!"

"నాకు యాదికి లేదు కొడుకా."

"గట్లెట్ల?"

"ఒక్కటి గూడ యాదికి లేదు. గా పూటకు చెవుల ఏస్తరు, పాడుత, ఆటో ఎక్కంగనే పోతది. నీ పేరు గూడ పోయింది. ఇందాక కౌంటరు కాడ అడిగితే నోట్లెకెల్లి ఎల్లలే. మీ అవ్వను అడిగి లోపటికచ్చిన."

గణేశ్ ఆయన మొహంలోకి చూశాడు, వేళాకోళమేమో అని. ఆ మొహంలో వేళాకోళం ఆడే సత్తువ కూడా లేదు.

"నాది గూడనా? నా కాడ గొంతు వణికింది గద."

"వణికింది. నువ్వింక పోలేదని వణికింది. పోయినోళ్లకు వణుకుడు నాకు ఎప్పుడో బందయింది." ఆనందం మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "మాపటికి ఈన్నే పాడాలె. రాజన్న ఇంకో పేరు చెప్తడు. జనం గట్లనే ఏడుస్తరు. రేపు నేను పోయినా ఎవడో ఒకడు పాడుతడు, అప్పుడు గూడ ఏడుస్తరు. పాట ఉంటది కొడుకా. అండ్ల పేరు ఉండదు."

బుచ్చవ్వ జావ గ్లాసుతో వచ్చింది. కొంగుతో గ్లాసు అడుగు తుడిచి, ఊదుకుంటూ కొడుకు దగ్గరగా జరిగింది.

"అవ్వా" అన్నాడు గణేశ్, "మెట్‌పల్లి పక్కపొంటి సచ్చిపోయిన పిలగాని పేరేందే?"

"ఏ పిలగాడురా?" అంది బుచ్చవ్వ.

గణేశ్ ఫోను దిండు పక్కన పెట్టి, రెండు చేతులతో గ్లాసు అందుకుని తాగాడు. తాగుతున్నంత సేపూ ఆ పేరు కోసం వెతుకుతూనే ఉన్నాడు.